కట్టుకున్నవాడు ఎవరు?

కొరియా నాటకం చూస్తున్న అత్తగారికి అల్లుడు కనబడడు. ఈ సంగతి నాకు మొన్న వేసవి సెలవుల్లో తెలిసింది.

నా భార్యా, మా అమ్మాయీ పది రోజులు ముందుగానే మా అత్తవారి ఊరు మానుకోట వెళ్ళారు. రైల్వేవారి బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది గాని, ఆ ఊరివాళ్ళూ, ఆ ఊరి అల్లుళ్ళూ మానుకోట అనే అంటారు. కాలేజీలో పరీక్ష పేపర్ల పని ముగించుకొని, నేను జనగామలో బండి ఎక్కి సాయంత్రం టీ వేళకు దిగాను. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటి గడప తొక్కుతున్నాను. ఏనాడూ మంచినీళ్ళ చెంబు లేకుండా అత్తమ్మ ఎదురు రాలేదు. ఆ రోజు చెంబూ లేదు, అత్తమ్మా లేదు.

ముందుగదిలో తలుపులు దగ్గరగా వేసి, కిటికీలకు దుప్పట్లు కట్టారు. టీవీ ముందు అత్తమ్మ, నా భార్య, పక్కింటి ఆడవాళ్ళిద్దరు కూర్చొని ఉన్నారు. తెర మీద మాట కొరియా మాట. కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తుతున్నాయి. మా అమ్మాయి ఆ అక్షరాలను చదివి, చదివినదాన్ని తెలుగు చేసి, పురాణం చెప్పినట్టు గొంతెత్తి చెబుతున్నది. నన్ను చూచి లేవబోయిన నా భార్యను అత్తమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. నా వైపు తిరగకుండానే, "జర ఆగు అల్లుడా. పోలీసు బిడ్డ మొగని గదిలకు పోతున్నది" అన్నది.

నేను ఆగాను. సంచీ చేతిలోనే ఉంది. అలా నిలబడి ఇరవై నిమిషాలు చూశాను. తరువాత కూర్చున్నాను. ఇక మిగతా కథ అంతా నేనూ చూశాననే ఒప్పుకోవాలి. తెలుగులో ఎమ్.ఏ. చదివి, ప్రబంధాలు పాఠం చెప్పేవాడికి కొరియా హత్యల కథతో ఏం పని అని మీరు అడగవచ్చు. నేనూ మొదట అదే అనుకున్నాను.

ఆ నాటకం పేరు తెలుగులో చెప్పుకోవాలంటే 'పాపపుష్పం' అనవచ్చు. కొరియా భాషలో 'అగుయ్ కోట్', ఇంగ్లీషులో 'ఫ్లవర్ ఆఫ్ ఈవిల్'. ఫ్రెంచి కవి బోదలేర్ 1857లో వెలువరించిన కవితా సంపుటి పేరు కూడా ఇదే. ఈ నాటకం 2020లో జూలై నుంచి సెప్టెంబరు దాకా, టీవీయన్ అనే కొరియా ఛానెల్లో బుధ, గురువారాల్లో వచ్చింది. మొత్తం 16 భాగాలు, ఒక్కొక్కటి గంటకు పైబడి. దర్శకుడు కిమ్ చోల్ గ్యు. లీ జూన్ గి నాయకుడు, మూన్ చే వన్ నాయిక. కొత్తది కాదు కదా అంటారేమో. మన పిల్లలకు కొత్తా పాతా లేదు. ఎప్పుడు చూస్తే అప్పుడే అది విడుదల అయినట్టు.

కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. చా జీ వన్ అనే ఆమె పోలీసు డిటెక్టివు. హత్య కేసులు చూస్తుంది. భర్త లోహపు పనివాడు. నగలూ, బొమ్మలూ చేస్తాడు. ఇంట్లో వంట ఆయనదే, బిడ్డను చూచుకోవడం ఆయనదే. ఉన్ హా అనే చిన్నారి కూతురు. పరిచయమైనది మొదలు లెక్కపెడితే 14 ఏళ్ళ ప్రేమ వాళ్ళది. ఇంతలో పాత హత్యల కేసు ఒకటి మళ్ళీ పైకి వస్తుంది. ఆమె ఒక్కొక్క ఆధారమే పట్టుకొని వెతుక్కుంటూ పోతుంటే, దారి తిరిగి తిరిగి తన ఇంటి గుమ్మం ముందుకే వస్తుంది. తన భర్త పేరు తన భర్త పేరు కాదు. ఆయన అసలు పేరు డో హ్యున్ సూ. వరుస హత్యలు చేసిన ఒకని కొడుకు. తాను కూడా ఒక హత్య కేసులో నిందితుడై పారిపోయి, మరొకరి పేరుతో బతుకుతున్నాడు.

ఇక్కడ దాకా వినేటప్పటికి పక్కింటామె, "అయ్యో, పద్నాలుగేండ్లు పక్కల పండుకున్నోని పేరు తెల్వదా!" అన్నది. అత్తమ్మ వెంటనే, "పేరు తెలిస్తె మనిషి తెలిసినట్టేనా?" అన్నది. నేను సంచీ కింద పెట్టింది ఆ మాట విన్న తరువాతనే.

ఈ నాటకంలోని మొదటి బలం ఆ మాటలోనే ఉంది. మామూలు అపరాధ పరిశోధక కథలో ప్రశ్న 'చంపిందెవరు?' అని. ఇక్కడి ప్రశ్న 'కట్టుకున్నవాడు ఎవరు?' అని. మొదటి ప్రశ్నకు జవాబు దొరికితే పుస్తకం మూసి నిద్రపోవచ్చు. రెండో ప్రశ్న పుస్తకం మూసినా మూతపడదు, ఎందుకంటే అది అందరి ఇళ్ళల్లోనూ కొంచెం కొంచెంగా ఉన్నదే.

మనకు డిటెక్టివు నవలలు కొత్త కావు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌నూ, ఆయన అసిస్టెంటు రాజునూ ఎరగని తెలుగు పాఠకుడు ఒక తరంలో లేడు. ప్రేమ నవలలూ కొత్త కావు. అయితే మన వారపత్రికల్లో ప్రేమ నవల ఒక పేజీలో ఉండేది, డిటెక్టివు నవల ఇంకొక పేజీలో ఉండేది. ఇంట్లో ఆడవాళ్ళు ఒకటి చదివితే, మగపిల్లలు పుస్తకాల చాటున రెండోది చదివేవారు. కొరియావారు ఆ రెండింటి చేతా ఒకే ఇంట్లో కాపురం పెట్టించారు. పరిశోధన చేసేదే భార్య. అనుమానితుడే భర్త. సాయంత్రం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర అన్నం తినాలి.

ప్రేమనూ భయాన్నీ ఇలా కలపడం తేలిక కాదు. మన ఆలంకారికులు దీన్ని గురించి ఎంతో ముందే ఆలోచించారు. పొసగని రసాలు రెండు పక్కపక్కన పడితే ఒకదాన్ని ఒకటి చంపుకుంటాయి. మధ్యలో రెండింటికీ పొసగే ఇంకొక రసాన్ని పెట్టాలి అన్నాడు ఆనందవర్ధనుడు. నాగానంద నాటకంలో శాంతానికీ శృంగారానికీ మధ్య అద్భుతం వచ్చి నిలుస్తుందని చూపించాడు కూడా. ఈ కొరియా నాటకంలో ఆ మధ్య స్థానం చిన్నపిల్లది. పెళ్ళాం మొగుణ్ణి అనుమానంగా చూసే ప్రతిసారీ, ఆ పిల్ల ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చి తండ్రి మెడకు చుట్టుకుంటుంది. అప్పుడు చూసేవాళ్ళ భయం ఇంకా పెరుగుతుంది, ప్రేమా పెరుగుతుంది. అలంకారశాస్త్రం చదివి వ్రాశారని నేననను. కాని పని తెలిసినవాళ్ళు వ్రాశారని అంటాను.

ఇంకొక బలం నాయకుని నటన. ఈ హ్యున్ సూ తనకు మనసు అనేది లేదనీ, ప్రేమ అనేది తాను ఎరగడనీ నమ్మినవాడు. చిన్నప్పటినుంచి లోకం ఆయనకు అదే చెప్పింది. అందుకని నవ్వు ఎలా ఉంటుందో, దుఃఖం ఎలా ఉంటుందో తెరమీద మనుషుల ముఖాలను చూచి నేర్చుకుంటాడు. అద్దం ముందు పాఠం అప్పజెప్పినట్టు నవ్వుతాడు. భార్య గది లోపలికి రాగానే ఆ నవ్వు ముఖానికి వస్తుంది; ఆమె వెళ్ళగానే దీపం ఆర్పినట్టు పోతుంది. అలాంటివాడు ఒకనాడు, తాను ఎందుకేడుస్తున్నాడో తనకే తెలియకుండా వెక్కి వెక్కి ఏడుస్తాడు. అంతసేపూ మా అమ్మాయి అనువాదం ఆపేసింది. ఎవరూ అడగలేదు.

మా జనగామ పక్కనే పెంబర్తి ఉంది. ఇత్తడి పనికి పేరెన్నికగన్న ఊరు. అక్కడి పనివారు ఇత్తడి రేకును లక్క పరుపు మీద బోర్లించి వెనకనుంచి సుత్తితో కొడుతుంటే, ముందువైపున దేవుని ముఖం ఉబికి వస్తుంది. ఈ నాటకంలో నాయకుడు కూడా లోహపు పనివాడే కావడం వల్ల నాకు ఆ ఊరే గుర్తుకొస్తూ వచ్చింది. ముఖం ముందువైపున చూస్తాము. దెబ్బలు వెనకవైపున ఉంటాయి.

సెలవులు అయిపోయి జనగామ వచ్చిన తరువాత మిగిలిన భాగాలు నేనూ, నా భార్యా ఇంట్లో చూశాము. అక్కడ ఒక వాదం వచ్చింది. కథ సగానికి వచ్చేసరికి నాయికకు నిజం తెలుస్తుంది. తెలిసినా వెంటనే అడగదు. తెలియనట్టే ఉంటుంది. "పోలీసు మనిషి, అడిగెయ్యవచ్చు గదా. కథ సాగదీయడానికే ఇదంతా" అన్నాను నేను. "అడిగితే అబద్ధం చెప్తాడని కాదు ఆమె భయం. నిజం చెప్తాడేమోనని" అన్నది నా భార్య. ఆ మాటతో నా విమర్శ ఒకటి కొట్టివేసుకున్నాను.

ఆ రాత్రి నాకు నన్నయగారి భారతంలోని నలోపాఖ్యానం గుర్తుకు వచ్చింది. నిజానికి మన సాహిత్యంలో మొదటి డిటెక్టివు భార్య దమయంతే. నలుడు రూపం మారి, పేరు మార్చుకొని, బాహుకుడై ఋతుపర్ణుని కొలువులో సారథిగా ఉంటాడు. రెండో స్వయంవరం అని కబురు పంపి, ఒక్క రోజులో అంత దూరం రథం తోలగలవాడెవడో చూస్తుంది దమయంతి. రథం చప్పుడు వింటుంది. కేశినిని పంపి అతని నడవడి గమనించమంటుంది. అతను వండిన వంటకం తెప్పించి రుచి చూస్తుంది. చివరకు బిడ్డలను పంపుతుంది. వాళ్ళను చూచి ఆ కురూపి కన్నీళ్ళు పెట్టుకుంటాడు. అప్పుడు గాని ఆమె పరిశోధన ముగియదు. చప్పుడు, నడవడి, రుచి, కన్నీరు. రూపమూ పేరూ అబద్ధం చెప్పినా ఈ నాలుగూ అబద్ధం చెప్పవని దమయంతికి తెలుసు.

కొరియా డిటెక్టివుది దీనికి తలకిందులైన కష్టం. రూపం తనవాడిదే, వంట తనవాడిదే, బిడ్డ మీద ప్రేమ తనవాడిదే. పేరు మాత్రమే పరాయిది. పోలీసు కాగితాలు ఒకటి చెబుతున్నాయి, 14 ఏళ్ళ కాపురం ఇంకొకటి చెబుతున్నది. ఏ సాక్ష్యాన్ని నమ్మాలి? ఈ తూకం చెడకుండా ఉన్నంతసేపూ నాటకం దివ్యంగా ఉంది.

నిడివిని గురించి కూడా ఒక మాట. మన ఇళ్ళల్లో అనుమానం మీద నడిచిన సీరియళ్ళకు తక్కువ లేదు. 'కార్తీక దీపం'లో భర్తకు భార్య మీద అనుమానం. 2017లో మొదలైన ఆ సీరియలు 2023 దాకా, వెయ్యికి పైగా భాగాలు నడిచింది. ఆడవాళ్ళు దీప కోసం కన్నీరు కార్చారు. అందులో తప్పు లేదు, ఆమె కష్టం నిజమైనదే. కాని అంత కాలం అనుమానం అలాగే ఉంటే అది అనుమానంగా ఉండదు, ఇంట్లో ఒక సామాను అయిపోతుంది. కొరియావారు 16 భాగాలు అని ముందే గిరి గీసుకుంటారు. ముగింపు ఎక్కడో తెలిసి బయలుదేరినవాడి నడకే వేరు.

ఇక లోపాలు. ఈ నాటకం చూడదలచినవారు తరువాతి నాలుగు పేరాలూ దాటిపోయి, భూపాలపల్లి బస్సు ఎక్కేచోట మళ్ళీ నన్ను కలుసుకోవచ్చు.

హ్యున్ సూ ఎవరి పేరు పెట్టుకొని బతుకుతున్నాడో, ఆ అసలు మనిషి ఏళ్ళ తరబడి స్పృహ లేకుండా ఆస్పత్రి మంచంలాంటి మంచం మీద పడి ఉంటాడు. కథకు విలన్ కావలసి వచ్చేసరికి లేస్తాడు. లేచినవాడు కొద్దికాలానికే నడుస్తాడు, హత్య కూడా చేస్తాడు. మా అత్తమ్మ మోకాలి నొప్పితో నెల రోజులు మంచం పట్టి లేచి, వంటింటి దాకా నడవడానికి ఇంకొక నెల పట్టింది. అందుకని ఈ ఘట్టం ఆమె దగ్గర చెల్లలేదు. "గాడు లేసుడేంది, ఉరుకుడేంది!" అని ఒక్క మాటలో తీసిపారేసింది. మనుషులను కొని అమ్మే ముఠా ఒకటి మధ్యలో వచ్చి, రెండు మూడు భాగాలు పరుగులతో, కార్లతో గడిచిపోతాయి. అప్పటిదాకా ఊపిరి బిగబట్టించింది భోజనాల బల్ల. ఇప్పుడు కత్తులూ కార్లూ వచ్చేసరికి ఊపిరి వదిలేశాము. మొగుడి కేసును పెళ్ళామే పరిశోధిస్తుంటే, పై అధికారులు అంత కాలం ఊరుకోవడం కూడా నమ్మదగినట్టు లేదు.

చివరన ఇంకొకటి. నాయకునికి జ్ఞాపకం పోతుంది. భార్యతో గడిపిన ఏళ్ళన్నీ మరచిపోతాడు. మా అమ్మాయి పకపకా నవ్వి, "ఇది పాత తెలుగు సినిమా కదా!" అన్నది. నేను తెలుగు లెక్చరర్ని గనుక నవ్వలేకపోయాను. ఈ ఎత్తు కాళిదాసుది. భారతంలో దుష్యంతునికి శాపం లేదు, మరుపు లేదు. శకుంతలను ఎరిగి ఉండే నిండుసభలో ఎరగనంటాడు. ఆమె అతని ముఖం మీదనే ధర్మం చెబుతుంది. ఆకాశవాణి పలికిన తరువాత గాని ఏలుకోడు. కాళిదాసు ఆ రాజు మీద జాలిపడి, దుర్వాసుని శాపాన్నీ ఉంగరాన్నీ తెచ్చిపెట్టాడు. తప్పు రాజుది కాకుండా పోయింది. శాకుంతలం అందమైన నాటకం, అనుమానం లేదు. కాని భారతంలోని శకుంతల ఎదుట నిలబడ్డ మగవాడు అసలైన దోషి. ఆమె మాటకు అందుకే అంత బలం.

కొరియా నాటకంలోని పెద్ద లోపం నాకు ఇక్కడే కనబడింది. ఆ భార్య ఎదుట నిలబడ్డ మగవాడు నిజంగా దోషి అయితే ఆమె ఏం చేసేది? కథ ఈ ప్రశ్న దాకా మనలను చెయ్యి పట్టుకొని తీసుకువస్తుంది. తీరా వచ్చాక చెయ్యి వదిలేస్తుంది. ఆయన చేశాడనుకున్న హత్య ఆయన చెయ్యలేదు. అక్క ప్రాణం కాపాడుకోబోయి చేసిందాన్ని తమ్ముడు తన మీద వేసుకున్నాడు. తండ్రికి తోడుపోయినవాడు ఆయన కాదు, ఆ మంచం మీదివాడు. పేరు దాచినందుకు శిక్షగా జ్ఞాపకం పోతుంది, దానితో పాత లెక్క కొట్టివేతకు వస్తుంది. నాయకుని చేతులు పన్నీటితో కడిగి, తుడిచి, నాయిక చేతిలో పెట్టారు. ఆమె ప్రేమ గెలిచింది. పరీక్ష మాత్రం సగంలో రద్దయింది. ఇదే కథను 2022లో 'దురంగా' అనే పేరుతో హిందీలో తీశారు. దాన్ని రెండు విడతలుగా కోశారు. ఒక్క గుక్కలో చెప్పవలసిన కథకు మధ్యలో ఏడాది విరామం అంటే, అనుమానం చల్లారిన అన్నం అవుతుంది.

అయినా ఈ నాటకాన్ని నేను తీసివెయ్యలేను. ఒక ఘట్టం చూచాక అసలే వెయ్యలేను. తండ్రి హంతకుడని తెలిసిన తరువాత ఊరివాళ్ళు ఆ పిల్లవాణ్ణి పట్టుకొని, వీనిలో తండ్రి దయ్యం దూరిందని మంత్రగత్తెను పిలిచి దయ్యం విడిపిస్తారు. పిల్లవాడు బిక్కచచ్చి చూస్తుంటాడు. మా గదిలో ఒక్కరూ మాట్లాడలేదు. బాణామతి అనీ, చేతబడి అనీ మనిషిని కట్టేసి కొట్టిన వార్తలు తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. దయ్యం పేరు ఏ భాషలో చెప్పినా, అందరూ చూస్తుండగా తాడు చుట్టుకునేది ఒక్కని చేతులకే.

సరే, ఇప్పుడు భూపాలపల్లి సంగతి. నాటకం గురించి వ్రాస్తానని కూర్చున్న నన్ను, ఇది లేకుండా వ్రాయనియ్యలేదు మా అమ్మాయి.

మా మరదలి భర్త, మా వైపు షడ్డకుడంటాము, భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగి. మొన్న వానాకాలం మొదట్లో ఫోను చేసి, "అన్నా, బిడ్డ సంబంధం సంగతి. వదినను, పొల్లను తీసుకొని ఒక్కసారి రావాలె" అన్నాడు. ఆ ఊరికి రైలు లేదు. జనగామనుంచి హనుమకొండ దాకా ఒక బస్సు, అక్కడినుంచి పరకాల, రేగొండ మీదుగా ఇంకొక బస్సు. చెల్పూరు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనబడితే ఊరు వచ్చినట్టే.

ఇంట్లో అందరూ కూర్చుని ఉన్నారు. మానుకోటనుంచి అత్తమ్మ కూడా వచ్చింది. పిల్లవాడు వరంగల్లులో బ్యాంకు ఉద్యోగి. చదువు బాగుంది, మాట బాగుంది, మనిషి బాగున్నాడు. కట్నం ఊసు ఎత్తలేదు. పిల్ల కూడా ఇష్టపడింది. మరి పిలిచింది ఎందుకని అడిగితే షడ్డకుడు గొంతు తగ్గించాడు. పిల్లవాడికి ఎనిమిదేళ్ళప్పుడు, పొలం గట్టు తగాదాలో తండ్రి కొట్టిన దెబ్బకు ఒక మనిషి చనిపోయాడు. తండ్రికి జైలు పడింది. శిక్ష పూర్తిచేసి వచ్చి, ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాడు. పిల్లవాడు అమ్మమ్మగారింట పెరిగాడు. ఊరూ పేరూ నేను చెప్పను, మీరూ అడగకండి.

"ఎట్ల తెలిసింది?" అన్నాను.

"గాయనే చెప్పిండు పెదనాన్నా" అన్నది పిల్ల తలుపు పక్కనుంచి. "మాట్లాడుకోమని మమ్ముల పది నిమిషాలు ఇడిశిపెట్టిన్రు గదా. అండ్ల మొదటి మాట గదే."

ఆ తరువాత ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. రక్తం ఎటు పోతుందన్నారు. రేపు పిల్లలు పుడితే తాత ఎవరని చెబుతామన్నారు. నలుగురూ ఏమంటారన్నారు. నా భార్య ఏమీ అనలేదు. అత్తమ్మ తల దించుకొని కూర్చున్నది. షడ్డకుడు నా వైపు చూశాడు. ఎమ్.ఏ. చదివినవాణ్ణి, పదిమందికి పాఠం చెప్పేవాణ్ణి, పత్రికలో శీర్షిక వ్రాసేవాణ్ణి. ఏదో ఒకటి చెబుతానని.

"ఆలోచించుకుందాం. తొందరేముంది?" అన్నాను.

ఈ మాటకు అర్థం ఏమిటో తెలుగువాడైన ప్రతివాడికీ తెలుసు. వద్దు అని నోటితో అనకుండా వద్దనడం. షడ్డకుని ముఖం తేలికపడింది. నిందపడకుండా పని జరిగిపోయింది. భోజనాలకు లేచాము.

చేతులు కడుక్కునే చోట మా అమ్మాయి నన్ను పట్టుకున్నది. "నాన్నా, ఆ రోజు ఊరివాళ్ళు దయ్యం విడిపిస్తుంటే నువ్వు కళ్ళు తుడుచుకున్నావు. నేను చూశాను. మరి ఇప్పుడు నువ్వు చేసింది ఏమిటి?" అన్నది.

నేను తువాలు కోసం వెతికాను. దొరకలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెర మీది పిల్లవాని కోసం ఏడవడానికి ఖర్చు లేదు. పైగా వానికి ఏ తప్పూ లేదని కథ వ్రాసినవారు చివరన సంతకం పెట్టి ఇస్తారు. ఇంటికి వచ్చిన పిల్లవానికి అలా సంతకం పెట్టి ఇచ్చేవారు ఎవరు? నేను నాటకంలో పట్టిన లోపం నాలోనే ఉన్నదని అప్పుడు తెలిసింది. పరీక్ష దాకా వచ్చి, తీరా వచ్చాక నేనూ చెయ్యి వదిలేశాను. వాళ్ళు కనీసం పద్నాలుగు భాగాలు నడిచి వదిలారు. నేను రెండు మాటల్లో వదిలాను.

తెల్లవారి చాయ్ తాగుతుంటే అత్తమ్మ అందరినీ పిలిచింది. "నాకు సదువు లేదు. నా మాట తప్పయితే చెప్పున్రి" అని మొదలుపెట్టి, నన్ను చూచి, "అల్లుడా, గా కొరియా పిలగాడు పద్నాలుగేండ్లు దాసిండు. అయినా మంచోడే అన్నం. ఈ పిలగాడు పది నిమిషాలల్ల చెప్పిండు. ఇద్దర్ల ఎవలు మంచోడు?" అన్నది.

ఎవరూ మాట్లాడలేదు.

"పిలగాని అయ్య సంగతి కూడ అడుగున్రి. దాసవడితిరి. చచ్చిపోయినోని ఇంటోళ్ళు ఎట్లున్నరో అది కూడ అడుగున్రి. అన్ని అడిగినంక వద్దంటె అనున్రి. అడగకుంట అనకున్రి" అన్నది. మళ్ళీ కొంచెం ఆగి, "పిలగాన్ని ఒక పూట మానుకోటకు తోలున్రి. నేను అన్నం పెడుత" అన్నది.

తండ్రి చేసిన దానిలో చనిపోయినవాని ఇల్లు కూడా ఒకటి ఉన్నదని ఆ గదిలో తలచుకున్నది ఆమె ఒక్కతే. కొరియా నాటకంలోనూ ఆ ఇళ్ళకు దొరికిన చోటు తక్కువే. చంపినవాని కొడుకు కథకు పదహారు భాగాలు; చనిపోయినవాళ్ళ వారికి మధ్య మధ్య కొన్ని నిమిషాలు. ఈ లోపం నా కంటికి అంతకు ముందు ఆనలేదు.

ఇది జరిగి మూడు వారాలయింది. పిల్లవాడు వచ్చే ఆదివారం మానుకోట వస్తున్నాడు. షడ్డకుడు ఇంకా ఒప్పుకోలేదు, కాని రావద్దనీ అనలేదు. అత్తమ్మ పప్పుచారు కాచి తానే వడ్డిస్తానన్నది. దమయంతి కేశినిని పంపింది. మా అత్తమ్మకు కేశిని మీద నమ్మకం లేనట్టుంది. నన్ను కూడా రమ్మన్నది. వెళుతున్నాను. ఈసారి ఎవరైనా నా వైపు చూస్తే, 'ఆలోచించుకుందాం' అనకుండా ఉండాలని అనుకుంటున్నాను.

ఏమైందో వచ్చే వారం వ్రాస్తావా అని అడగకండి. వ్రాయను. అది ఇద్దరు పిల్లల జీవితం, సీరియలు కాదు.

నాటకం మాత్రం చూడండి. చివరి మూడు భాగాలు కొంచెం ఓపిక పట్టి చూడండి. చూచి, ఇంట్లో ఎవరైనా ఏడిస్తే, ఎందుకు ఏడ్చారో ఆ రాత్రే అడిగి ఉంచుకోండి. ముందు ముందు పనికి వస్తుంది.